శీతకాలమున పెరటికోళ్ల సంరక్షణము

కృష్ణా డెల్టా రైతుల యుపయోగార్థము

కృష్ణా డెల్టాలో మాగాణి గల రైతు ఇంట నాలుగు పెట్టలును ఒక పుంజును లేకుండుట అరుదు. వానిని ఎవరును ప్రత్యేకముగా మేపరు. కళ్లములో రాలిన గింజలను, పెంటకుప్పలోని పురుగులను ఏరుకొని తిని, అవి ఇంటికి గుడ్లను, పండుగకు కూరను, చేతిఖర్చునకు నాలుగు రూకలను ఇచ్చుచుండును. కొన్ని యిండ్లలో పిల్లలు ఒక కోడికి పేరు పెట్టి, అరచేతిలో గింజలు తినిపించి, ఇంటిబిడ్డవలె సాకుచుందురు. అట్టి కోడి చచ్చినచో ఆ నష్టము ఏ లెక్కలోనికిని ఎక్కదు గాని, ఆ పూట ఆ యింట అన్నము సహించదు.

కార్తికమాసము మొదలు మాఘమాసము వఱకు పెరటికోళ్లకు గడ్డుకాలము. ఆ దినములలో కోడి చచ్చినచో "చలికి చచ్చినది" అని అనుకొని ఊరకుందుము. ఈ కరపత్రము చెప్పదలచిన సంగతి ఒక్కటియే: మన సీమలో పెరిగిన కోడిని చంపునది చలి గాదు. క్రిందనున్న చెమ్మయు, మూసివేసిన గాలియు, సకాలమున వేయింపని టీకాయును దానిని చంపుచున్నవి. ఈ మూడును రైతు చేతిలోనివే. వీనిని సరిచేయుటకు పెద్ద ఖర్చు లేదు. నెలకొక పూట పనియు, దినమునకొక పావుగంట శ్రద్ధయు చాలును.

సాధారణముగా కోళ్ల పని చూచువారు ఇంటి ఆడవారును పిల్లలును. కావున ఈ కరపత్రమును చదివిన రైతు దీనిని పెట్టెలో దాచక, ఇంటివారికి చదివి వినిపింపవలెను.

1. మన సీమ శీతకాలము

విజయవాడలో జనవరి రాత్రులయందు ఉష్ణము సాధారణముగా 18, 19 సెంటిగ్రేడు డిగ్రీల ప్రాంతమునకు దిగును. పగలు 30 డిగ్రీల వఱకు పోవును. పొలముల మధ్యనున్న పల్లెలలో రాత్రి ఇంకను కొంత తగ్గవచ్చును. ఇది కోడికి లెక్కింపదగిన చలి గాదు. నేలమీద మంచు గడ్డకట్టు దేశములలో సయితము కోళ్లు బ్రతికి గుడ్లు పెట్టుచున్నవి.

మన కష్టము వేఱు. డెల్టా నేలలో చాలభాగము నల్లరేగడి. అది నీటిని పట్టినచో త్వరగా విడువదు. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియైన నాటినుండియు, 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చిన పిమ్మటను, కాలువనీరు మన ఊళ్ల ప్రక్కగా పాఱుచునే యున్నది. సార్వా వరి కోతకు వచ్చువఱకు ఇంటి చుట్టును తడియే. దీనికి తోడు అక్టోబరు, నవంబరు మాసములలో ఈశాన్యపు గాలివానలు, తుపానులు వచ్చును. తరువాత పుష్యమాసమున తెల్లవారుజామున దట్టమైన మంచు క్రమ్మును. ఈ కాలమున పెరటినేల పైకి ఆఱినట్లు కనబడినను, గోటితో గీచినచో లోపల చెమ్మ తగులును. రాత్రియంతయు కోడి పండుకొనునది ఆ నేలమీదనే.

2. కోడి దేహతత్త్వము

మనుష్యుని దేహోష్ణము 37 డిగ్రీలు. కోడి దేహోష్ణము 41 నుండి 42 డిగ్రీల వఱకు ఉండును. ఆ వేడిని నిలుపుకొనుటకు దానికి ఈకలే సాధనము. చలివేసినపుడు కోడి తన ఈకలను ఉబ్బించును. ఈకల సందులలో గాలి నిలిచి, దూదిపఱుపువలె వేడిని బయటికి పోనీయదు. ముక్కును రెక్కక్రింద దాచుకొని, ఒక కాలు పొట్టలోనికి ముడుచుకొని, కఱ్ఱమీద కూర్చున్న కోడి మన చలిని సుఖముగా గడుపును.

కాని ఈక తడిసినచో ఈ యేర్పాటంతయు చెడిపోవును. తడిసిన ఈకలు ఒకదానికొకటి అంటుకొని, గాలి నిలుచుటకు చోటుండదు. అట్టి కోడికి 20 డిగ్రీలును చలియే.

రెండవ సంగతి ఊపిరి. కోడికి ఊపిరితిత్తులతో పాటు దేహమంతట వ్యాపించిన గాలితిత్తులు గలవు. అవి మిక్కిలి సున్నితములు. కోడికి వేఱుగా మూత్రము లేదు; రెట్టయందే ఆ పదార్థమును కలిసి వచ్చును. తడి తగిలిన రెట్ట మురిగినపుడు, కన్నులను మండించు అమోనియా వాయువు పుట్టును. అది నేలకు దగ్గఱగా, సరిగా కోడి ముక్కు వద్దనే పుట్టుచుండును. మూసిన గూటిలో రాత్రియంతయు దానిని పీల్చిన కోడికి కన్నులలో నురుగు, ముక్కున నీరు, గొంతున గురక పుట్టి, తరువాత ఏ తెగులు వచ్చినను తట్టుకొను శక్తి నశించును.

3. గంపపై గోనె కప్పుట

మన పల్లెలలో సాయంకాలము కోళ్లను గంపక్రింద మూయుట వాడుక. పిల్లి, ముంగిస, కుక్కలనుండి కాపాడుటకు గంప మంచిదే. దానిలోని తప్పు రెండు విధములు. గంప తడినేలమీద నుండుట ఒకటి. చలియని దానిపై గోనెసంచులను, పరదాను కప్పుట రెండవది.

ఈ తప్పును ఇది వ్రాయువాడు తానును చేసియున్నాడు. ఒక కార్తికమున అయిదు దినములు ఎడతెగని వాన కుఱిసినది. ఇంటనున్న ఆఱు పెట్టలను, ఒక పుంజును గంపక్రింద మూసి, దయతో రెండు గోనెలును, వానిపై ఒక పరదాయును కప్పితిని. ఉదయమున తీసి చూడగా గోనె లోపలిప్రక్క చేయి పెట్టినచో నీరు అంటినది. వాన లోనికి దిగలేదు. అది కోళ్ల ఊపిరియే. మూడవనాటికి తుమ్ములు, కన్నులలో నురుగు. పదునైదు దినములలో నాలుగు పెట్టలు పోయినవి. ప్రక్క యింటి ముసలమ్మ కోళ్లు పశువులపాక చూరుక్రింద, మూడువైపుల గాలియాడుచోట, అడ్డకఱ్ఱమీద కూర్చుండియుండెను. వానిలో ఒకటియు జబ్బుపడలేదు. నేను అడుగగా ఆమె, "దాని దుప్పటి దానికే ఉంది నాయనా, నువ్వు పొడిచోటు చూపించు, చాలు" అనినది. ఈ కరపత్రములోని సారమంతయు ఆ మాటలోనే యున్నది.

4. గూడు ఎట్లుండవలెను

క్రొత్తగా గూడు కట్టనక్కఱ లేదు. పశువులపాకలో ఒక మూలయైనను, ఇంటి వెనుక చూరుక్రిందనైనను చాలును. ఈ క్రింది యంశములను మాత్రము గమనింపవలెను.

(అ) ఎత్తు. గూటి అడుగు చుట్టుప్రక్కల నేలకంటె ఒక అడుగైనను ఎత్తున నుండవలెను. ఇటుకముక్కలు, ఇసుక పోసి దిమ్మె కట్టుట ఒక మార్గము. నాలుగు గుంజలపై రెండడుగుల ఎత్తున వెదురుబద్దల తడిక వేసి, దానిపై గూడు నిలుపుట మఱియొక మార్గము. వెదురుబద్దల సందులనుండి రెట్ట క్రింద పడిపోవును గనుక రెండవది మన తడినేలలకు మేలు.

(ఆ) చోటు. రాత్రి మాత్రమే మూయు గూటిలో పెద్దకోడి ఒక్కింటికి ఒకటిన్నర మొదలు రెండు చదరపుటడుగుల చోటు కావలెను. ముసురు దినములలో పగలును లోపలనే యుంచవలసినచో మూడు నాలుగు చదరపుటడుగులు కావలెను.

(ఇ) గాలి. ఇదియే ముఖ్యము. కోడి కూర్చున్న ఎత్తువఱకు ఈశాన్యపు గాలి సూటిగా కొట్టకుండ తడికయో, తాటాకో అడ్డము కట్టవలెను. కోడి తలకు పైభాగమున, చూరుక్రింద, జానెడు వెడల్పున గాలిసందు రాత్రియంతయు తెఱచియే యుంచవలెను. వేడిగాలి, ఆవిరి, వాయువు పైకి పోవును. కోడిమీద చలిగాలి కొట్టదు. గాలిసందునకు పిల్లి దూరనంత సన్నని వల కొట్టవలెను.

(ఈ) వాకిలి. తూర్పునకో, దక్షిణమునకో ఉండుట మంచిది. ఉదయపు టెండ లోపలికి పడిన గూడు త్వరగా ఆఱును.

(ఉ) ఎక్కుకఱ్ఱ. కోడికి మూలపురుషుడు అడవికోడి. అది రాత్రి కొమ్మపై నిద్రించును. ఆ స్వభావము పెరటికోడికిని పోలేదు. నేలనుండి రెండు మూడు అడుగుల ఎత్తున, రెండంగుళముల మందము గల నునుపైన కఱ్ఱను అడ్డముగా కట్టి, కోడికి 8 అంగుళముల చొప్పున చోటు విడువవలెను. కఱ్ఱ మరీ సన్నముగా నున్నచో కాళ్లకును ఎదురుఱొమ్ము ఎముకకును నొప్పి కలుగును. కఱ్ఱ ఎక్కిన కోడి తన రెట్టలో తాను పండుకొనదు. దాని ఈకలు శుభ్రముగా నుండుటకు ఇంతకు మించిన ఉపాయము లేదు.

గూటిలోపల కుంపటి పెట్టరాదు. మూసినచోట బొగ్గులనుండి వచ్చు విషవాయువు కోళ్లను నిద్రలోనే చంపును. ఊకకు నిప్పంటుకొను భయము వేఱుగా నున్నది. దోమలకై వేపాకు పొగ వేయవలసినచో, కోళ్లు బయట తిరుగుచుండగా వేసి, పొగ పోయిన పిమ్మట వానిని లోనికి తోలవలెను.

5. క్రింద పఱచు ఊక

సార్వా కోత ముగిసిన దినములలో మన ఇంట ఊకకును, గడ్డికిని కొఱత లేదు. మిల్లు ఊకయైనను, చిన్నచిన్న ముక్కలుగా నఱికిన పొడి వరిగడ్డియైనను, ఱంపపుపొట్టైనను నాలుగు మొదలు ఆఱు అంగుళముల మందమున గూటిలో పఱచవలెను. తడిసి బూజుపట్టిన గడ్డిని ఎన్నడును వాడరాదు. ఆ బూజు ఊపిరితిత్తులలో చేరి, ముఖ్యముగా పిల్లలను చంపును.

పఱచిన ఊకను వారమునకు రెండుసార్లు కఱ్ఱతో పైక్రిందులు చేయవలెను. కూర్చుండు కఱ్ఱక్రింద గడ్డకట్టిన భాగమును దినదినము ఎత్తివేసి, అంతమేరకు క్రొత్త ఊక చల్లవలెను. పూర్తిగా మార్చునపుడు ముందుగా నేలను ఊడ్చి, ఎండనిచ్చి, పొడిసున్నము పలుచగా చల్లి, దానిపై ఊక పోయవలెను. తడిరెట్టపై సున్నము చల్లినచో వాయువు ఇంకను ఎక్కువగా వచ్చును. కావున తడి తీసిన పిమ్మటనే సున్నము.

ఊక సరిగా నున్నదా లేదా యని తెలిసికొనుటకు రెండు పరీక్షలు గలవు. ఒకటి: గుప్పెడు ఊకను గట్టిగా పిడికిట పట్టి విడువుడు. ముద్దగా నిలిచినచో తడి ఎక్కువ. పొడిపొడిగా రాలినచో మంచిది. రెండు: తెల్లవారుజామున గూడు తెఱచునపుడు, నిలుచుండి గాక, వంగి మీ ముక్కును కోడి ముక్కు ఎత్తునకు దింపి చూడుడు. కన్ను మండినను, ఘాటు తగిలినను, ఆ గాలిలో మీ కోళ్లు పండ్రెండు గంటలు గడిపినవని తెలిసికొనవలెను.

ఇట్లు తీసిన పెంట వృథా కాదు. బాగుగా నిలువచేసిన ఊకపెంటలో నూటికి సుమారు 3 పాళ్లు నత్రజని, 2 పాళ్లు భాస్వరము, 2 పాళ్లు పొటాషు ఉండును. పచ్చిది మొక్కల వేళ్లను మాడ్చును. గోతిలో వేసి, మట్టి కప్పి, కొన్ని నెలలు మాగనిచ్చి కూరపాదులకు వేయవలెను.

6. దేహశుద్ధి

కోడి తన దేహమును నీటితో గాక ధూళితో శుభ్రపఱచుకొనును. పొడిమట్టిలో గుంట చేసికొని, రెక్కలతో ధూళిని ఈకల లోపలికి చల్లుకొని, తరువాత విదుల్చుకొనును. దీనివలన కోడిపేలును, ఎక్కువైన జిడ్డును పోవును. శీతకాలమున మన పెరటిలో పొడిమట్టి దొరకదు గనుక కోడికి ఈ స్నానము తప్పిపోవును; పేలు పెరుగును. దీనికి ఉపాయము సులభము. చూరుక్రింద వాన పడనిచోట ఒక పాత తొట్టెలోనో, వెడల్పు గంపలోనో సన్నని ఇసుకయు, జల్లించిన పొయ్యిబూడిదయు సమపాళ్లుగా కలిపి, అడుగు లోతున పోసి యుంచవలెను. ప్లాస్టిక్కు కాల్చిన బూడిద పనికిరాదు. కోళ్లు తమంతట తామే వచ్చి పొరలాడును.

పదునైదు దినముల కొకసారి ప్రతి కోడిని చేతబట్టి, తోకక్రిందను, రెక్కలక్రిందను ఈకలను విడదీసి చూడవలెను. పేలుగాని, ఈకల మొదట తెల్లని ఈపులుగాని కనబడినచో పశువైద్యుని అడిగి, ఆయన చెప్పిన మందును చెప్పినంతయే వాడవలెను. పైరులపై చల్లు పురుగుమందులను కోడిపై ఎన్నడును చల్లరాదు. పేలతోపాటు కోడియు చచ్చును, గుడ్డు తిన్నవారికిని అపాయము. మఱికొన్ని పురుగులు పగలు గూటి సందులలో దాగి, రాత్రి మాత్రమే వచ్చి రక్తము పీల్చును. కోళ్లు సాయంకాలము గూటిలోనికి పోవుటకు వెనుదీయుచున్నచో దీపము పట్టి కఱ్ఱల అతుకులను చూడవలెను. పురుగులున్నచో గూడు ఖాళీచేసి, సందులలో మరగునీరు పోసి, ఎండనిచ్చి, సున్నము పూయవలెను.

కాళ్ల పొలుసులు లేచి, గరుకుగా, తెల్లగా నున్నచో అదియు ఒక పురుగు పనియే. గోరువెచ్చని సబ్బునీటిలో కాళ్లను నానబెట్టి, మెత్తని కుంచెతో తోమి, ఆఱిన తరువాత కొబ్బరినూనెగాని వేపనూనెగాని దట్టముగా పూయవలెను. వారమునకు రెండుసార్లు చొప్పున కొన్ని వారములు చేసినచో నయమగును. పొలుసులను గోటితో పీకరాదు.

కోడికి స్నానము చేయింపవచ్చునా యని కొందఱు అడుగుదురు. శీతకాలమున నిండుస్నానము వలదు. తోకక్రింద రెట్ట అంటి గడ్డకట్టినచో, ఎండకాయు దినమున, ప్రొద్దెక్కిన తరువాత, గోరువెచ్చని నీటితో ఆ భాగము మాత్రమే కడిగి, బట్టతో అద్ది, ఎండలో పూర్తిగా ఆఱువఱకు ఉంచవలెను. మధ్యాహ్నము మూడుగంటలు దాటిన పిమ్మట కడుగరాదు. పదేపదే తోక మురికియగుచున్నచో అది మురికి సంగతి గాదు, కడుపులోని జబ్బు, వైద్యునికి చూపవలెను.

7. మేతయు నీరును

చలికాలమున కోడి తన వేడిని నిలుపుకొనుటకు కొంచెము ఎక్కువ తినును. పెరటిలో తిరిగి ఏరుకొనునది గాక, కోడి ఒక్కింటికి దినమునకు 30 మొదలు 50 గ్రాముల గింజలు ఇచ్చుట మంచిది. ఇందు ఎక్కువభాగము సాయంకాలము గూటికి చేరుటకు ఒక గంట ముందు ఇయ్యవలెను. నూకలు, జొన్నలు, సజ్జలు, చోళ్లు ఏవైనను సరియే. గింజతో నిండిన కంఠసంచి రాత్రి మెల్లమెల్లగా కందనకాయకు జాఱి అరుగుచు, తెల్లవారువఱకు వేడినిచ్చును.

నూకలు, తవుడు మాత్రమే పెట్టినచో మాంసకృత్తులు చాలవు. మన సీమలో చవుకగా దొరకు ఉప్పులేని ఎండు రొయ్యపొట్టు, నువ్వుల తెలకపిండి కొంచెముగా కలుపవలెను. మునగాకు, తోటకూర గుత్తులుగా కట్టి వ్రేలాడదీసినచో ముసురు దినములలో కోళ్లకు కాలక్షేపమును అగును. ఊరకున్న కోళ్లు ఒకదాని ఈకలు ఒకటి పీకుకొనును. గుడ్డుపెంకు గట్టిపడుటకు నలుగగొట్టిన ఆలిచిప్పలను వేఱు మూకుడులో పెట్టవలెను.

వేరుసెనగ చెక్కయు, మొక్కజొన్నయు చెమ్మతగిలి బూజుపట్టినచో ఎంత తక్కువైనను వాడరాదు. ఆ బూజునుండి పుట్టు విషము కాలేయమును చెఱచును. ఎండబెట్టినను, ఉడికించినను అది పోదు.

పెద్దపెట్ట దినమునకు సుమారు పావులీటరు నీరు త్రాగును. మూకుడును దినదినము తోమి, ఇటుకపై నుంచవలెను. అట్లయిన ఊక దానిలో పడదు, నీరు ఊకపై చిందదు. కాలువనీరు, పొలములోని నిలువనీరు పెట్టరాదు. కారణము ముందు చెప్పబడును.

గుడ్లు తగ్గినవని చింతింపనక్కఱ లేదు. వేసవిలో మన సీమ పగలు 13 గంటలకు పైబడియుండును. డిసెంబరున సుమారు 11 గంటలు మాత్రమే. వెలుగు తగ్గినపుడు గుడ్లు తగ్గుట కోడి స్వభావము. కొన్ని పెట్టలు ఆ సమయముననే ఈకలు రాల్చి క్రొత్తవి తొడుగును. అపుడు వానికి విశ్రాంతియు, మంచిమేతయు ఇయ్యవలెను.

8. పిల్లల సంగతి

పైన చెప్పినదంతయు పెద్దకోళ్లకే. ఈకలు రాని పిల్లలకు మాత్రము చలి నిజమైన శత్రువు. పొదిగిన 21వ దినమున బయటపడిన పిల్లకు మొదటివారమున 33 మొదలు 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. తరువాత వారమునకు మూడేసి డిగ్రీలు తగ్గింపవచ్చును. తల్లి యున్నచో ఆ వేడిని తానే ఇచ్చును. శీతకాలమున ఒక తల్లిక్రింద 10, 12 పిల్లలకు మించనీయరాదు. రెక్కక్రింద చోటు చాలక మిగిలినవి చచ్చును. తల్లిని, పిల్లలను గంపక్రింద ఉంచవచ్చును గాని, గంపక్రింద పొడి ఊక నాలుగంగుళములు ఉండవలెను; గంప పైభాగము గాలికి విడిచి, ప్రక్కలను మాత్రమే కప్పవలెను.

తల్లిలేని పిల్లలకు పిల్ల ఒక్కింటికి 2 వాట్ల చొప్పున వేడినిచ్చు పాతరకపు బల్బును వ్రేలాడదీయవలెను. కొలత పిల్లలే చెప్పును. దీపము క్రింద గుంపుగూడి కీచుమనుచున్నచో చలి; దూరముగా పోయి నోరు తెఱచుచున్నచో వేడి ఎక్కువ; సమముగా చెదరి తినుచున్నచో సరి.

9. కొక్కెర తెగులు

ఊరిలోని కోళ్లనన్నిటిని ఒక్క పక్షములో తుడిచివేయు తెగులు ఇది. 1926లో జావా ద్వీపమునను, ఇంగ్లండులోని న్యూకాసిల్ నందును కనబడి, మఱుచటి యేట హిమాలయ ప్రాంతమున రాణీఖేత్ వద్ద బయటపడినందున మన దేశమున దీనికి రాణీఖేత్ వ్యాధియని పేరు వచ్చినది. కోడి తూగుచు, మెడ చాచి నోటితో ఊపిరి తీయును. ఆకుపచ్చ కలిసిన తెల్లని నీళ్లరెట్ట వేయును. కాళ్లు రెక్కలు పడిపోవును. కొన్నింటికి మెడ మెలితిరుగును. వచ్చిన పిమ్మట మందు లేదు. రాకుండ టీకా గలదు.

పిల్లకు 7వ దినమున లసోటా లేక ఎఫ్ రకపు టీకా ఒక చుక్క కంటిలో వేయవలెను. 8 వారముల వయస్సున ఆర్.2.బి. అను టీకాను సూదితో వేయించి, పిమ్మట ఆఱునెలల కొకసారి మఱల వేయించుచుండవలెను. టీకాను చల్లగా తేవలెను, కలిపిన తరువాత గంట రెండుగంటలలో ముగింపవలెను, జబ్బుకోడికి వేయరాదు. ఊరిలో పదిండ్లవారు కలిసి ఒకే దినమున వేయించుకొన్నచో సీసా వృథా కాదు, ఊరికంతకును రక్ష కలుగును. ఆశ్వయుజ కార్తికములలో ఈ పని ముగింపవలెను. టీకా పనిచేయుటకు రెండువారములైనను పట్టునని మఱవరాదు.

సంక్రాంతికి ముందు ఈ జాగ్రత్త మఱింత అవసరము. పెద్దపండుగకు కోళ్లు ఊరినుండి ఊరికి, సంతనుండి ఇంటికి విశేషముగా తిరుగును. తెగులును వానితోనే తిరుగును. క్రొత్తగా తెచ్చిన కోడిని రెండు మూడు వారములు వేఱుగా నుంచి, తన కోళ్లకు మేత పెట్టిన తరువాతనే దానికి పెట్టవలెను. పందెమునకు పోయివచ్చిన పుంజు గాయముతో పాటు తెగులును ఇంటికి తెచ్చును. 1960 నాటి జంతుహింస నివారణ చట్టమును, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టమును అట్టి పందెములను నేరముగా ఎంచుచున్నవని వేఱుగా చెప్పనక్కఱ లేదు.

మశూచి కూడ ఈ కాలపు తెగులే. నెత్తిపై జుట్టునకు, కనురెప్పలకు పొక్కులు లేచును. దోమలు దీనిని వ్యాపింపజేయును. దీనికిని 6 మొదలు 8 వారముల వయస్సున వేయు టీకా గలదు.

10. పక్షుల ఇన్‌ఫ్లూయెంజా

శీతకాలమున కొల్లేటికి దూరదేశముల పక్షులు వచ్చును. కోత ముగిసిన పొలములలో బాతుల మందలు మేయును. బాతులు తాము జబ్బుపడకయే ఈ తెగులును మోయగలవు. వాని రెట్టపడిన నీరు కోడికి విషము. పొలము, కాలువ నీరు వలదనుటకు కారణమిదియే. 2025 ఫిబ్రవరిలో తణుకు వద్ద వేల్పూరులోను, పెరవలి వద్ద కానూరు అగ్రహారములోను ఈ తెగులు నిర్ధారణయై, వేలకొలది కోళ్లు నష్టమైనవి.

ఒకటి రెండు దినములలో అకస్మాత్తుగా పెక్కు కోళ్లు చచ్చినచో, వట్టిచేతితో తాకరాదు, కోయరాదు, అమ్మరాదు, కాలువలో పాఱవేయరాదు. వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. దాచినచో ఒకని నష్టము ఊరి నష్టమగును. ఈ తెగులు అరుదుగా మనుష్యులకును సోకును. పిల్లలను జబ్బుకోళ్ల దగ్గఱకు పోనీయరాదు. గుడ్లను, మాంసమును పూర్తిగా ఉడికించియే తినవలెను.

11. తుపాను దినములు

మన తీరమునకు గొప్ప తుపానులు తఱచుగా ఈ కాలముననే వచ్చుచున్నవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనయు, 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరము దాటిన మిచౌంగ్ తుపానును ఇందుకు నిదర్శనములు. వార్త విన్న దినముననే మూడు దినములకు సరిపడ మేతను, రెండు బస్తాల పొడి ఊకను ఇంటిలోపల ఎత్తున దాచవలెను. గాలికొట్టువైపు తడిక బిగించి, ఎదుటివైపు పైసందు తెఱచియే యుంచవలెను. నీరు వచ్చు పల్లమైనచో కోళ్లను ముందే గంపలతో మెరకకు చేర్పవలెను. నీట మునిగిన గూటిలో మూసిన కోడికి గతి లేదు. తడిసిన కోడిని బట్టతో ఒత్తి తుడిచి, పొడి ఊకమీద, గాలి సూటిగా తగులనిచోట ఉంచి, గింజలు పెట్టవలెను.

12. జ్ఞాపకముంచుకొనవలసినవి

దినమునకు: ఉదయము గూడు తెఱచి, ముక్కుతో గాలి పరీక్షించుట, కఱ్ఱక్రింది రెట్ట తీయుట, మూకుడు తోమి నీరు మార్చుట, సాయంకాలము గింజలు పెట్టి, కోళ్లను లెక్కించి మూయుట.

వారమునకు: ఊకను రెండుసార్లు త్రిప్పుట, ఇసుక బూడిద తొట్టెను చూచుట.

పక్షమునకు: ప్రతి కోడిని చేతబట్టి, పేలు, కాళ్లు, ఎదురుఱొమ్ము కండ చూచుట.

మూడునెలలకు: వైద్యుని అడిగి కడుపులోని పురుగులకు మందిచ్చుట.

ఆఱునెలలకు: కొక్కెర టీకా.

రైతు తన పొలమునకు అడంగలులో పైరు, విస్తీర్ణము తప్పక వ్రాయించుకొనును. అట్లే ఇంటిగోడమీద బొగ్గుతోనైనను కోళ్ల సంఖ్యను, టీకా వేసిన తేదీని వ్రాసి యుంచవలెను. వ్రాయని తేదీ మఱపునకు వచ్చును. మఱచిన టీకా కోళ్లను పోగొట్టును.

నాటుపెట్ట ఏటికి సుమారు 60 గుడ్లు పెట్టును. హైదరాబాదులోని రాజేంద్రనగరు కోళ్ల పరిశోధనాలయమువారు రూపొందించిన వనరాజ, గ్రామప్రియ జాతులు అంతకంటె చాల ఎక్కువ పెట్టును. కాని ఏ జాతియైనను తడినేలమీద, మూసిన గంపలో, టీకా లేక బ్రతుకదు. నాటుకోడియైనను, పొడిచోటును గాలియు దొరకినచో, మన శీతకాలమును చెక్కుచెదరక దాటును. క్రింద పొడి, పైన గాలి, ముందుగా టీకా – ఈ మూడు మాటలను ఇంటిల్లిపాదియు కంఠస్థము చేసికొందురు గాక. సందేహములున్నచో సమీప గ్రామ పశువైద్యశాలయందుగాని, గన్నవరములోని పశువైద్య కళాశాలయందుగాని అడిగి తెలిసికొనవచ్చును.